చత్వారం మీద ఐదు నెలలు: మెదడుకు చూపు నేర్పిన ప్రాజెక్టు డైరీ

నాకు 47 ఏళ్లు. పర్లాకిమిడిలో మందుల షాపు. దూరం చూపు రెండు కళ్లకూ 6/6 ఉంది. దగ్గరికి మాత్రం +1.50 అద్దాలు. స్ట్రిప్పు వెనక తేదీ చూడాలంటే పెట్టుకోవడం, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడాలంటే తీయడం, తీసింది ఎక్కడ పెట్టానో వెతుక్కోవడం. ఈ బాధ తగ్గుతుందేమోనని కంప్యూటరు తెర మీద చూపు అభ్యాసం మొదలుపెట్టే ముందు ఒక రోజంతా అట్టముక్క మీద గీతలు పెట్టి లెక్కేశాను: అద్దాలు 41 సార్లు పెట్టుకున్నాను.

ఇది చత్వారం వచ్చి, దూరం చూపు బాగున్నవాళ్ల కోసం రాసింది. మైనస్ సైటు ఉన్నవాళ్ల కోసం కాదు. వాళ్లలో ఎక్కువమందికి కంటిగుడ్డు పొడవు పెరిగి ఉంటుంది, ఏ అభ్యాసమూ దాన్ని పొట్టి చేయదు.

మొదటి ఐదు వారాల ఫలితాలు నేను మొత్తం పారేశాను. తీరిక లేనివాళ్లు దశ 2, దశ 3 చదివినా చాలు, నేను పోగొట్టుకున్న కాలం మీకు మిగులుతుంది.

దశ 0: కంటి పరీక్ష (జూలై 6)

ఈ దశ దాటేయకండి. మూడు కారణాలు.

1. శుక్లం మొదలయ్యేటప్పుడు కొందరికి దగ్గర చూపు ఉన్నట్టుండి బాగుపడినట్టు అనిపిస్తుంది. కంట్లోని కటకం (లెన్సు) మధ్యభాగం గట్టిపడి సైటు మైనస్ వైపు జరగడం వల్ల అలా అవుతుంది. దాన్ని అభ్యాసం ఫలం అనుకుంటే మోసపోతాం.
2. షుగరు పెరిగి తగ్గుతుంటే సైటు కూడా వారానికోలా మారుతుంది. కొలతలన్నీ అబద్ధం అవుతాయి.
3. గ్లకోమా (కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు) చాలావరకు నొప్పి లేకుండా వస్తుంది. ఇంట్లో చార్టు చదివితే బయటపడదు.

బరంపురం వెళ్లి చూపించుకున్నాను. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి లోపలంతా చూశారు. ఆ పూటకి దగ్గరివేవీ చదవలేం, షాపు మూసే లెక్క వేసుకుని వెళ్లండి. శుక్లం లేదు, కంటి ప్రెషర్ మామూలు, షుగరు లేదు.

ఇంటికొచ్చాక ఒక కొలత నేనే తీసుకున్నాను. అద్దాల్లేకుండా పేపరు ముఖానికి దగ్గర పెట్టి మెల్లగా వెనక్కి జరుపుతూ పోతే, అక్షరం స్పష్టమైన చోటు టేపు మీద 52 సెం.మీ. మీటర్లలో ఆ దూరంతో 1ని భాగిస్తే దగ్గరి వస్తువుకు సర్దుకోవడానికి నా కంట్లో మిగిలిన శక్తి: 1 ÷ 0.52 = 1.9 డయాప్టర్లు. 40 సెం.మీ. దగ్గర చదవడానికి కావలసింది 2.5. ఉన్న శక్తంతా గంటల తరబడి వాడలేం, సగం చేతిలో ఉంచుకోవాలంటారు. అంటే 0.95 వాడుకోగలను, 1.55 తక్కువ పడుతుంది. డాక్టరు రాసిన +1.50 అదే. ఈ లెక్క చేతితో వేసుకున్నాక చత్వారం అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది. కటకం గట్టిపడింది, అంతే. దాన్ని మళ్లీ మెత్తబరిచే వ్యాయామం లేదు.

మరి అభ్యాసం దేనికి? రెటీనా (కంటి వెనక పొర) మీద పడే బొమ్మ మసకగానే ఉంటుంది, ఆ మసకలోంచి మెదడు ఎంత పిండుకోగలదన్నదే ఇక్కడి ప్రశ్న. ఇజ్రాయెల్‌కు చెందిన యూరి పొలాట్ బృందం 2004లో సోమరి కన్ను (చిన్నప్పటినుంచీ మెదడు సరిగ్గా వాడుకోని కన్ను) ఉన్న పెద్దవాళ్ల మీద, 2012లో చత్వారం ఉన్నవాళ్ల మీద ఇలాంటి అభ్యాసం చేయించి ఫలితాలు ప్రచురించింది. చత్వారం వాళ్లలో కటకం శక్తి గానీ కంటిపాప సైజు గానీ మారలేదు, చదవడం మాత్రం మెరుగైంది, మార్పు మెదడులోనే అన్నది వాళ్ల వాదన. నేను చేసింది ఆ పద్ధతికి ఇంట్లో చేసుకున్న నకలు.

ఒక హెచ్చరిక కూడా. సూర్యుణ్ణి చూస్తే అద్దాల అవసరం పోతుందని చెప్పేవాళ్లున్నారు. ఆ జోలికి అస్సలు వెళ్లొద్దు, రెటీనా కాలిపోతుంది.

మొత్తం ఇప్పటివరకు: సిట్టింగులు (అభ్యాసానికి కూర్చున్నవి) 0. ఖర్చు రూ. 660 (ఫీజు 400, ప్రయాణం 260).

దశ 1: కొలబద్ద తయారీ (జూలై 7 నుంచి 14)

నేను రోజూ చదివేది తెలుగు పేపరు కాబట్టి మొదట తెలుగు అక్షరాలతోనే చార్టు చేసుకున్నాను. ఒక్క రోజులోనే పనికిరాదని తేలింది. మన అక్షరాలన్నీ ఒకే కష్టంతో ఉండవు. ‘ర’, ‘గ’ ఎంత చిన్నగా వేసినా ఇట్టే తెలిసిపోతాయి. ‘ద’కీ ‘ధ’కీ తేడా కింద చిన్న నిలువు గీత ఒక్కటే. ‘థ’కి దానికి తోడు పొట్టలో చుక్క. ‘ప’కీ ‘వ’కీ తేడా తలకట్టు అతుక్కుందా లేదా అన్నదే. ఒకే వరుసలో ‘ర’ చదివి ‘థ’ దగ్గర ఆగిపోతే ఆ వరుసకు మార్కు ఎంత వేయాలి? పైగా ఒక అక్షరం దొరికితే మాటంతా మెదడే పూరించేస్తుంది, అది చూపు కాదు.

అందుకని లాండోల్ట్ వలయాలకు మారాను. ఒకచోట తెగిన గాజులా ఉంటుంది. తెగిన సందు పైనా, కిందా, కుడివైపా, ఎడమవైపా చెప్పాలి. సందు వెడల్పు వలయం ఎత్తులో ఐదో వంతు. భాష అక్కర్లేదు, ఊహించడానికి మాటా లేదు.

కొలతలు ఇవి. 40 సెం.మీ. దూరంలో 6/6కి సమానమైన వలయం ఎత్తు 0.58 మి.మీ. దాన్ని 0.0 అనుకోవాలి. ఒక్కో వరుస పైకి వెళ్లేకొద్దీ 1.26 రెట్లు పెద్దది, విలువ 0.1 ఎక్కువ. వరుసకు ఐదు వలయాలు, ఒక్కోటి 0.02. దీన్నే లాగ్‌మార్ అంటారు. అంకె ఎంత తగ్గితే చూపు అంత మెరుగు.

ప్రింటు రెండుసార్లు పాడైంది. ఇంకు ప్రింటరు మీద సిరా పాకి చిన్న వలయాల సందులు పూడిపోయాయి. లేజర్ మీద తీయిస్తే సందులు నిలిచాయి గానీ, పేజీకి సరిపెట్టే సెట్టింగు ఆన్‌లో ఉండి బొమ్మంతా కుదించింది. 100 మి.మీ. గీత స్టీలు స్కేలు మీద 96 వచ్చింది. చేసి చూడాలనుకునేవాళ్లకు:

1. చార్టు పక్కనే 100 మి.మీ. గీత కూడా పెట్టి ప్రింటు తీయండి.
2. లేజర్ ప్రింటే తీయించండి, అసలు సైజులోనే తీయమని చెప్పండి.
3. గీతను స్టీలు స్కేలుతో కొలవండి. బట్టల టేపు సాగుతుంది, నమ్మకండి.
4. ఫోను తెర మీద చార్టు పెట్టుకోకండి. నా ఫోనులో చుక్క సైజు 0.09 మి.మీ. 0.2 వరుసలో సందు దాదాపు రెండు చుక్కలే, అది వలయంలా ఉండదు.

జూలై 14 సాయంత్రం షాపు ట్యూబులైటు కింద మొదటి కొలత: 0.42. అంటే 1.5 మి.మీ. ఎత్తు వరకే.

మొత్తం ఇప్పటివరకు: సిట్టింగులు 0. ఖర్చు రూ. 760 (ప్రింట్లు 60, స్కేలు, టేపు 40 కలిపి).

దశ 2: పారేసిన ఐదు వారాలు (జూలై 15 నుంచి ఆగస్టు 17)

అభ్యాసంలో వాడేది గేబర్ ప్యాచ్. హోలోగ్రఫీకి 1971లో నోబెల్ అందుకున్న డెనిస్ గేబర్ పేరు మీద వచ్చింది. బూడిద రంగు తెర మీద గుండ్రటి బిళ్ల, అందులో నలుపు తెలుపు చారలు, అంచులకు వెళ్లేకొద్దీ బూడిదలో కలిసిపోతాయి. నేను దీన్ని చారల బిళ్ల అంటాను. మెదడు వెనక భాగంలో చూపు మొదట చేరే చోట ఉన్న కణాలు ఒక్కోటి ఒక్కో వాలు గీతకు స్పందిస్తాయని హ్యూబెల్, వీజెల్ కనిపెట్టారు, 1981లో నోబెల్ వచ్చింది. చారల బిళ్ల ఆ కణాలకు సరిగ్గా నప్పే బొమ్మ.

గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ప్రోగ్రాం రాశాడు. సైకోపై అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, పైథాన్ మీద నడుస్తుంది. ఒక ప్రశ్న ఇలా ఉంటుంది:

1. తెర మీద రెండు బిళ్లలు పైనా కిందా మెరుస్తాయి, 7 ఫ్రేములు, అంటే దాదాపు 0.12 సెకన్లు. క్షణం ఆగి మళ్లీ మెరుస్తాయి.
2. ఆ రెండు మెరుపుల్లో ఒకదానిలో మాత్రం నడుమ మరో బిళ్ల, చాలా పాలిపోయి, ఉంటుంది.
3. ఏ మెరుపులో ఉందో 1 లేదా 2 నొక్కాలి. తప్పైతే బీప్.
4. వరుసగా మూడు సరిగ్గా చెబితే నడుమ బిళ్ల ఇంకా పాలిపోతుంది. ఒకటి తప్పితే ముదురుతుంది. ఇలా నడిపితే నూటికి 79 సరిగ్గా చెప్పగల చోట నిలబడుతుంది.

సిట్టింగు 25 నిమిషాలు, వారానికి మూడు, అద్దాల్లేకుండా, తెర 40 సెం.మీ. దూరంలో.

మొదటి వారం నా పాత లాప్‌టాప్ మీద చేశాను. తెర చుక్క 0.25 మి.మీ. 40 సెం.మీ. దూరంలో చూపు కోణంలో ఒక డిగ్రీ అంటే 7 మి.మీ., 28 చుక్కలు. అందులో ఆరు జతల చారలు పట్టాలంటే జతకు ఐదు చుక్కలైనా రావు. చారలు నునుపుగా కాక మెట్లుమెట్లుగా కనిపించాయి. అంతకన్నా చెడ్డది, అది పాతరకం తెర కావడంతో తల రెండు వేళ్లు ఎత్తితే బిళ్ల ముదిరేది, దించితే పాలిపోయేది. చూపు సంగతి అలా ఉంచి నా మెడ వంపు నేను కొలుస్తున్నాను. మేనల్లుడి ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్‌కి మారాక చుక్క 0.18 మి.మీ. అయింది, పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ తెర.

ఆగస్టు 17న చార్టు చదివితే 0.22. రెండు వరుసలు! ఆ పూట బంధువులకందరికీ ఫోన్లు చేశాను. ఇప్పుడు వాళ్లకు నిజం చెప్పాల్సిన బాధ్యత కూడా ఈ డైరీకి ఉంది.

చార్టు పట్టుకునే పని మా ఆవిడది. ఆ రాత్రి అంది: “ఏవండీ, మూడో వరుస మీరు కాగితం వంక చూడకుండానే చెప్పేస్తున్నారు. కుడి, పైన, పైన, ఎడమ, కింద. నాకే వచ్చేసింది.”

మొత్తం ఇప్పటివరకు: సిట్టింగులు 15, కాలం 6 గంటల 15 నిమిషాలు. ఖర్చు రూ. 760. నిలిచిన ఫలితం: ఏమీ లేదు.

దశ 3: తప్పు ఎక్కడుంది (ఆగస్టు 18 నుంచి 31)

ఐదు వారాల్లో అభ్యాసం కాకుండా ఇంకేం మారాయో కాగితం మీద రాశాను. చార్టు ఒక్కటే, కంఠస్థం అయింది. అది ఒకటి. రెండోది రాసేటప్పుడు చెయ్యి ఆగింది. ఆగస్టు మొదటి వారంలో షాపులో పాత ట్యూబులైట్లు తీసి ఎల్ఈడీ ప్యానెళ్లు పెట్టించాను.

ఫోనులో వెలుతురు కొలిచే యాప్ ఉంది. అది ఖచ్చితమైన లక్స్ (వెలుతురు కొలమానం) చెప్పదు, కానీ ఒకే ఫోను వాడితే పోల్చుకోవడానికి సరిపోతుంది. పాత ట్యూబులైటు మళ్లీ బిగించి చూస్తే 110. కొత్త ప్యానెళ్ల కింద 620. అదే రోజు, అదే చార్టు, గంట తేడాలో:

620 లక్స్ కింద 0.22.
110 లక్స్ కింద 0.36.
110 లక్స్ కింద, వలయాల క్రమం మార్చేసిన కొత్త చార్టు మీద 0.40.

అంటే నాకొచ్చిన 0.20లో 0.14 వెలుతురుది, 0.04 కంఠస్థానిది. మిగిలింది 0.02. ఒక్క వలయం. ఆ రాత్రి భోజనం సహించలేదు.

వెలుతురు అంత పని ఎలా చేస్తుందో చూపించే ప్రయోగం రెండు నిమిషాల్లో అయిపోతుంది, అందరూ చేయండి. మందుల పెట్టె అట్టముక్కకి సన్న మేకుతో ఒక మిల్లీమీటరు బెజ్జం పెట్టి, అద్దాలు తీసేసి, ఆ బెజ్జంలోంచి స్ట్రిప్పు మీద తేదీ చూడండి. చదవగలుగుతారు. బెజ్జం మసకను తగ్గిస్తుంది. వెలుతురు ఎక్కువైతే కంటిపాప ముడుచుకుని అదే పని కొంత చేస్తుంది. కళ్లు చికిలించినా అంతే. ‘అభ్యాసంతో అద్దాలు తీసేశాం’ అనే మాట విన్నప్పుడల్లా నేనిప్పుడు మొదట అడిగేది ఏ దీపం కింద అనే.

మార్చినవి, ఒక్కొక్కటీ కారణంతో:

1. దీపం. ఇంట్లో వెనక గదిలో కిటికీ మూసి, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకేచోట బిగించాను. చార్టు మీద 300 లక్స్ పడేలా. ప్రతి కొలతా రాత్రి 9కి, అక్కడే.
2. దూరం. గడ్డం ఆనించడానికి ప్లైవుడ్ ముక్కలతో చిన్న పీట. అది లేనప్పుడు ఆలోచనలో పడి వెనక్కి జరుగుతున్నాను. 46 సెం.మీ. అయితే మసక తగ్గుతుంది, మూడు వలయాలు ఉత్తినే వచ్చేస్తాయి. పీట కాకుండా తెర అంచుకు పురికొస కట్టి 40 దగ్గర ముడి వేశాను. ప్రశ్నల మధ్య ఆ ముడి కంటి పక్క కణతకు తగలాలి. తగలకపోతే ముందుకు జరగాలి.
3. చార్టులు నాలుగు, నాలుగింటిలో వరుసలు వేరు. ఏది ఎత్తాలో మా ఆవిడ ఇష్టం. నాలుగింటి సగటే రాస్తాం.
4. పోలిక మనిషి. మా ఆవిడకు 44, తనకూ చత్వారమే. తను అభ్యాసం చేయదు, చార్టు మాత్రం నాతో పాటే చదువుతుంది. ఊరికే చార్టుకు అలవాటు పడితే ఎంత వస్తుందో తన అంకె చెబుతుంది. ఇది ముందే తట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఆగస్టు 31 కొత్త మొదలు: నాది 0.36 (1.33 మి.మీ.), తనది 0.30. ఒకే రాత్రి రెండుసార్లు చదివితే 0.04 వరకు అటూ ఇటూ ఊగుతోంది, అది కూడా రాసి పెట్టుకున్నాను.

మొత్తం ఇప్పటివరకు: సిట్టింగులు 15. ఖర్చు రూ. 1,170 (బల్బు 100, హోల్డరు, వైరు 120, ప్లైవుడ్ 150, కొత్త చార్టులు 40 కలిపి).

దశ 4: నిలువు చారలు (సెప్టెంబరు 2 నుంచి 24)

డిగ్రీకి ఆరు జతల చారలు, అన్నీ నిలువు. మొదటి సిట్టింగులో నడుమ బిళ్ల 11 శాతం కాంట్రాస్ట్ (నలుపు తెలుపు చారల మధ్య తేడా) దగ్గర కనిపించడం ఆగింది. ఈ అంకె ఎంత తగ్గితే అంత మెరుగు. ఐదో సిట్టింగుకి 7.5.

ఆరు, ఏడు, ఎనిమిదో సిట్టింగుల్లో మళ్లీ 9కి ఎగబాకింది. అలసట అనుకున్నాను, నిద్ర చాలడం లేదనుకున్నాను. కారణం కరెంటు. ఆ వారం రాత్రిళ్లు కోతలు, ఛార్జరు లేనప్పుడు లాప్‌టాప్ దానంతటదే వెలుగు తగ్గించుకుంటోంది. ఆ మూడూ కొట్టేశాను. అప్పటినుంచి మొదలుపెట్టే ముందు వెలుగు శాతం చూసి పుస్తకంలో రాస్తున్నాను. రాత్రిపూట తెర పసుపెక్కే సెట్టింగు, చుట్టూ వెలుతురును బట్టి మారే సెట్టింగు కూడా ఆపేయండి.

తొమ్మిదో సిట్టింగుకి మేనల్లుడు సెలవుకి వచ్చాడు. ఫోను నా ముఖం వైపు పెట్టి వీడియో తీశాడు, సరదాగానే. తర్వాత పక్కన కూర్చుని చూపించాడు.

“మావయ్యా, ఇది చూడు. బిళ్ల పాలిపోయినప్పుడల్లా నువ్వు కళ్లు చికిలిస్తున్నావు.”

నిజమే. నాకు తెలియకుండానే ఎడమ కన్ను సగం మూసుకుపోతోంది, నుదుటి మీద మూడు ముడతలు. చికిలిస్తే రెప్పల సందే బెజ్జం అవుతుంది, మెదడుకి పని తప్పుతుంది. ఆ సిట్టింగు కూడా లెక్కలోంచి తీసేశాను. విరుగుడు: కనుబొమ్మల మధ్య చిన్న ప్లాస్టర్ ముక్క అంటించుకుని కూర్చుంటున్నాను. చికిలిస్తే చర్మం లాగి వెంటనే తెలుస్తుంది. షాపు నిండా ఉండే ప్లాస్టర్ ఇలా పనికొచ్చింది.

పదో సిట్టింగు, చికిలించకుండా: 6 శాతం. సంతోషమే. కానీ మేనల్లుడు చారలు అడ్డంగా తిప్పి పెట్టాడు. 9.5. మెదడు నేర్పిన దిక్కే నేర్చుకుంది, పక్క దిక్కుకు పెద్దగా పోలేదు. తెలుగు అక్షరాల్లో నిలువు గీతలు ఎన్ని? అన్నీ వంపులే.

మొత్తం ఇప్పటివరకు: సిట్టింగులు 25 (కొట్టేసినవి 19), కాలం 10 గంటల 25 నిమిషాలు. ఖర్చు రూ. 1,170.

దశ 5: నాలుగు దిక్కులు (సెప్టెంబరు 26 నుంచి అక్టోబరు 31)

నిలువు, అడ్డం, రెండు ఏటవాలులు, సమంగా కలిపాం. బిళ్లల మధ్య దూరం కూడా మారుస్తూ పోయాం. పక్క బిళ్లలు మరీ దగ్గరుంటే నడుమదాన్ని అణిచేస్తాయి, చార వెడల్పుకు మూడింతల దూరంలో ఉంటే సాయం చేస్తాయి. ఇక్కడ చార వెడల్పు అంటే ఒక నలుపు, ఒక తెలుపు కలిపి.

తొందరపడి ఒక వారం ఐదు సిట్టింగులు చేశాను. మెరుగు రాలేదు సరికదా, నాలుగో రోజుకి కణతల దగ్గర నొప్పి. వారానికి మూడే, మధ్యలో నిద్ర పడాలి. దసరాకి వారం ఆపేశాను. మళ్లీ కూర్చుంటే అంకె చెడలేదు, అది నాకు ధైర్యం ఇచ్చింది.

పద్నాలుగు సిట్టింగుల తర్వాత నాలుగు దిక్కుల్లోనూ 5.5 శాతం దరిదాపు.

మొత్తం ఇప్పటివరకు: సిట్టింగులు 39, కాలం 16 గంటల 15 నిమిషాలు. ఖర్చు రూ. 1,170.

దశ 6: చివరి కొలతలు (నవంబరు 3 నుంచి 9)

అదే గది, అదే బల్బు, 300 లక్స్, వరుసలు మార్చిన కొత్త చార్టులు నాలుగు.

నాది: 0.36 నుంచి 0.24. వలయం ఎత్తు 1.33 మి.మీ. నుంచి 1.01.
మా ఆవిడది, అభ్యాసం లేకుండా: 0.30 నుంచి 0.26.
తేడా: 0.08. నాలుగు వలయాలు. ఒక వరుస కూడా పూర్తిగా కాదు.
స్పష్టంగా కనిపించే దగ్గరి దూరం: 52 సెం.మీ. నుంచి 51. మారలేదనే అనాలి.
బరంపురంలో మళ్లీ పరీక్ష: +1.50. మారలేదు.

కొలత 0.04 ఊగుతుందని ముందే రాశాను కాబట్టి 0.08 అంటే గట్టిగా గొప్ప చెప్పుకునేది కాదు. కాంట్రాస్ట్ మాత్రం సగానికి దిగింది, అది ఊగిసలాట కాదు. అది బతుకులో ఎక్కడ పనికొస్తుందో చూడాలని నాకు రోజూ ఎదురయ్యే కష్టం మీదే పెట్టి చూశాను. కొన్ని స్ట్రిప్పుల మీద బ్యాచి నంబరు, తేదీ సిరాతో ఉండవు, రేకు మీద అచ్చు గుద్దినట్టు ఉంటాయి. వెండి రంగు మీద వెండి రంగు అంకెలు. గీత లోతు నీడ వల్లే అంకె తెలుస్తుంది, కాస్త వంచితే మెరుపులో మాయమవుతుంది. 3కి 8కి తేడా ఎడమ పక్క ఉందో లేదో తెలియని సన్నటి నీడ. అలాంటివి 20 మా ఆవిడ ఏరి ఇచ్చింది, అద్దాల్లేకుండా చదివాను. ఆగస్టు 31న అలాంటి వేరే 20లో సరిగ్గా చదివినవి 9. ఇప్పుడు 14.

ఆరు తప్పు. అందులో రెండు 03ని 08 అన్నాను. అవతలి మనిషి మింగే మందు అది. కాబట్టి షాపులో మందు చేతికిచ్చేటప్పుడు అద్దాలు తీయను, ఎన్ని వలయాలు వచ్చినా సరే. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లెవరైనా, మందులు గానీ కరెంటు పని గానీ, దయచేసి తీయకండి.

పేపరు వార్త 100 మాటలు, అద్దాల్లేకుండా: 48 సెకన్ల నుంచి 37.

మొత్తం: సిట్టింగులు 39, కాలం 16 గంటల 15 నిమిషాలు. ఖర్చు రూ. 1,850 (చివరి ప్రింట్లు 20, రెండో పరీక్ష 660 కలిపి).

మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తే

1. కంటి పరీక్ష, తర్వాత దీపం, తర్వాత దూరం, ఆ తర్వాతే చార్టు. అభ్యాసం చివర.
2. మొదటి రోజు నుంచి నాలుగు చార్టులు, ఒక పోలిక మనిషి.
3. మొదటి రోజు నుంచి నాలుగు దిక్కులు.
4. మొదటి సిట్టింగే వీడియో తీయించుకోండి.
5. వారానికి మూడు, 25 నిమిషాలు మించొద్దు.
6. తెర వెలుగు, గది వెలుతురు, గంట, ఆ రోజు నిద్ర: ప్రతిసారీ పుస్తకంలో.

డిసెంబరు 1

నాలుగు వారాలు ఏ అభ్యాసమూ చేయలేదు. చార్టు 0.26, బిళ్ల 6 శాతం. పెద్దగా జారలేదు. నెలకు రెండు సిట్టింగులు చేస్తూ ఉంటాను.

ఈరోజు మళ్లీ అట్టముక్క మీద గీతలు పెట్టాను. అద్దాలు పెట్టుకున్నది 26 సార్లు. 41 నుంచి 26 అనగానే అభ్యాసం ఖాతాలో వేయాలనిపిస్తుంది, కానీ కౌంటరు మీద ఇప్పుడు మంచి వెలుతురుంది. అందుకే రేపటి నుంచి మూడు రోజులు పాత ట్యూబులైటు బిగించి మళ్లీ గీతలు లెక్కేస్తాను. వెలుతురుది ఎంతో, నాది ఎంతో విడిగా తెలియాలి. మెట్ల కింద పెట్టిన ఆ ట్యూబులైటు పట్టీ తీసి దుమ్ము తుడిచి ఉంచాను.